కూలింగ్ వాటర్ లైన్‌కి యాసిడ్, హైపో డోసింగ్: పైన కొడితే పైపు అడుగున తూటు ఎలా పడింది?

కొండపల్లి_బిషిఫ్ట్

కూలింగ్ టవర్ సర్క్యులేషన్ లైన్ గురించి అడుగుతున్నా. 10 అంగుళాల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు, షెడ్యూల్ 40 మందం. గంటకి 400 క్యూబిక్ మీటర్లు పోతుంది, హెడర్ (మెయిన్ పైపు) ప్రెషర్ చదరపు సెంటీమీటరుకి 3.5 కేజీలు. మేకప్ (తగ్గిన నీళ్లకి బదులు పోసేవి) గంటకి 10 క్యూబిక్ మీటర్లు, బోరు నీళ్లు. సర్క్యులేషన్ పంపు దాటాక పైపు నెత్తిన అరంగుళం సాకెట్ వెల్డ్ చేసి, నిప్పిల్, బాల్ వాల్వు పెట్టి 98 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ కొడుతున్నాం. అక్కణ్ణుంచి 600 మిల్లీమీటర్ల అవతల అచ్చం అలాంటి నిప్పిల్‌లోంచే హైపో (సోడియం హైపోక్లోరైట్, క్లోరిన్ మందు).

సమస్యలు రెండు. యాసిడ్ పాయింటు దాటి 400 మిల్లీమీటర్ల దూరంలో, పైపు అడుగున తూటు పడింది. కొట్టేది పైన, తిన్నది కింద! రెండోది, మధ్యాహ్నం రెండయిందంటే హైపో పంపుకి గాలి పట్టేస్తుంది. టకటక కొట్టుకుంటుంది గానీ చుక్క పోదు. సప్లయర్ వచ్చి చూసి, పంపు చాలట్లేదు, గంటకి 100 లీటర్లది వేయండి అని కొటేషన్ పెట్టాడు. ఇప్పుడున్నది 0–50 లీటర్లది. వేయమంటారా?

ఆటోనగర్_లేత్

అప్పు అన్న చేస్తే వడ్డీ తమ్ముడు కట్టినట్టుంది మీ పైపు సంగతి.

డయాఫ్రమ్_డాక్టర్

కొటేషన్ పక్కన పడేయండి. ముందు ఇవి చెప్పండి. హైపో ఎంత పీపీఎం కొడుతున్నారు, డ్రమ్ములో అసలు ఎంత శాతం ఉంది, పంపు స్ట్రోకు నాబ్ (లోపలి డయాఫ్రమ్ పొర ఒక్కో కొట్టుకి ఎంత కదలాలో పెట్టేది) ఎంత మీద ఉంది. యాసిడ్ పంపు సైజెంత, రోజంతా నడుస్తుందా, ఆపి ఆపి నడుస్తుందా.

కొండపల్లి_బిషిఫ్ట్

హైపో 2 పీపీఎం. డ్రమ్ము మీద 12 శాతం అని రాసి ఉంది, ఎవరూ టెస్ట్ చేయలేదు. స్ట్రోకు 14, 15 శాతం మీద. యాసిడ్ పంపు 0–6 లీటర్లది. షిఫ్టుకి ఒక గంట ఫుల్ స్ట్రోకులో నడిపి ఆపేస్తారు. రోజుకి 18 లీటర్లు. నెలవారీ నీళ్ల రిపోర్టులో ఆల్కలినిటీ (క్షారత) బాగానే వస్తోంది.

డయాఫ్రమ్_డాక్టర్

దొంగ దొరికాడు. ఒకడు కాదు, ఇద్దరు.

యాసిడ్ లెక్క ముందు. మేకప్‌లో ఆల్కలినిటీ 150 పీపీఎం తగ్గించాలనుకుందాం. 10 క్యూబిక్ మీటర్లకి గంటకి 1500 గ్రాముల ఆల్కలినిటీ, కాల్షియం కార్బొనేట్ లెక్కన. 100 గ్రాములకి 98 గ్రాముల యాసిడ్ కావాలి, మనది 98 శాతం కాబట్టి గ్రాముకి గ్రాము సరిపోతుంది. అంటే గంటకి 1500 గ్రాముల యాసిడ్. సాంద్రత 1.84, కాబట్టి సుమారు 815 మిల్లీలీటర్లు. 24 గంటలకి 19.6 లీటర్లు. మీరు రోజుకి 18 పోస్తున్నారు, అందుకే నెలవారీ రిపోర్టు ముద్దుగా ఉంది. మొత్తం సరిపోయింది, పోసే తీరు చెడింది. గంటకి 0.8 పోవాల్సిన చోట 6 లీటర్లు పోతోంది, మిగతా ఏడు గంటలు సున్నా.

ఇక పైపు అడుగు ఎందుకు తిన్నది? నీళ్ల కంటే దాదాపు రెట్టింపు బరువున్న ద్రవం అది. నిప్పిల్ చివర పైపు గోడతో సమానంగా ఆగిపోయింది, క్విల్ (రసాయనాన్ని పైపు మధ్యదాకా తీసుకెళ్లే సన్న గొట్టం) లేదు. నీళ్ల మధ్యలో పడాల్సిన యాసిడ్ గోడ పట్టుకుని జారింది. గోడ దగ్గర నీళ్ల వేగం తక్కువ, కలవదు. పక్క నుంచి జారి అడుక్కి చేరేలోపు కాస్త కాస్త పలచబడుతుంది, పలచబడుతూ వేడెక్కుతుంది. 98 శాతం యాసిడ్‌ని ఎంఎస్ బాగానే ఓర్చుకుంటుంది. పలచటి వేడి యాసిడ్ దగ్గరికి వచ్చేసరికి అదే ఎంఎస్ చక్కెరలా కరుగుతుంది.

బెజవాడ_బ్లోడౌన్

డాక్టరు గారు ఆగిన ఏడు గంటల సంగతి వదిలేశారు. పంపు ఆగాక నిప్పిల్‌లో ఉన్న యాసిడ్ బరువుకి కిందికి దిగుతూనే ఉంటుంది, దాని స్థానంలో నీళ్లు పైకి ఎక్కుతాయి. నిప్పిల్, సాకెట్ వెల్డ్ లోపల రోజుకి 21 గంటలు పలచటి యాసిడ్ నిలవ ఉన్నట్టే. ఆ సాకెట్ ఇప్పటికే పల్చబడి ఉంటుంది. అడుగున క్లాంపు వేసి సంబరపడకండి, పైన వెల్డ్ ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం. ఊడితే 3.5 కేజీల ప్రెషర్‌తో యాసిడ్ నీళ్లు మనిషి మొహం ఎత్తుకి చిమ్ముతాయి.

కొండపల్లి_బిషిఫ్ట్

క్లాంపు వేసే ఉంది. సాకెట్ చూడలేదు. మరి హైపో దొంగ ఎవరు?

డయాఫ్రమ్_డాక్టర్

పెద్ద పంపే. 400 క్యూబిక్ మీటర్లకి 2 పీపీఎం అంటే గంటకి 800 గ్రాముల క్లోరిన్. 12 శాతం హైపోలో లీటరుకి 120 గ్రాములు, కాబట్టి 6.7 లీటర్లు చాలు. మీరు 50 లీటర్ల పంపుని 14 శాతం స్ట్రోకు మీద తిప్పుతున్నారు. డయాఫ్రమ్ ముందుకీ వెనక్కీ కదిలేది రవ్వంత, హెడ్‌లో ఉండే ఖాళీ జాగా చాలా. హైపోలోంచి ఆక్సిజన్ బుడగ వచ్చి అందులో కూర్చుందంటే, డయాఫ్రమ్ ముందుకొస్తే బుడగ నలుగుతుంది, వెనక్కెళ్తే ఉబ్బుతుంది. డిశ్చార్జి బాల్ లేవదు, సక్షన్ బాల్ కూడా లేవదు. మీరు వినే టకటక అదే. 100 లీటర్ల పంపు వేస్తే స్ట్రోకు 7 శాతానికి దిగుతుంది. రోగం రెట్టింపు అవుతుంది.

గంటకి 20 లీటర్ల లోపు హెడ్ పెట్టండి. స్ట్రోకు పొడవు ఎక్కువ ఉంచి, వేగంతో డోసు సర్దుకోండి.

పైప్‌లైన్_పక్కోడు

చివరి మాటతో పేచీ ఉంది. వేగం తగ్గిస్తే డోసు ముద్దలు ముద్దలుగా పడుతుంది. ఆ పైపు లోపలి వ్యాసం 254 మిల్లీమీటర్లు, నీళ్ల వేగం సెకనుకి 2.2 మీటర్లు. నిమిషానికి 60 స్ట్రోకులైతే 2.2 మీటర్లకి ఒక ముద్ద. నిమిషానికి 5 స్ట్రోకులకి దింపితే 26 మీటర్లకి ఒకటి. మధ్యలో ఉన్న నీళ్లకి హైపో అందదు, ముద్ద వచ్చినప్పుడు క్లోరిన్ మీటర్ ఎగురుతుంది. స్ట్రోకు పొడవే తగ్గించాలి.

డయాఫ్రమ్_డాక్టర్

స్ట్రోకు తగ్గిస్తే గ్యాస్ లాక్, వేగం తగ్గిస్తే ముద్దలు. అందుకే పంపు చిన్నది కావాలంటున్నా. 0–20 హెడ్‌లో 7 లీటర్లు అంటే 35 శాతం. స్ట్రోకు పొడవు 70 దగ్గర, వేగం 50 దగ్గర పెడితే ఆ 35 వచ్చేస్తుంది. రెండూ మధ్యస్తంగా ఉంటాయి, పేచీ తీరిపోతుంది. ఎపిఐ 675 (డోసింగ్ పంపుల ప్రమాణం) పంపులకి 10కి 1 టర్న్‌డౌన్, అంటే ఫుల్‌లో పదో వంతు దాకా దింపుకునే వీలు, ఇస్తారు. అలాగని అడుగు 10 శాతంలో కాపురం పెట్టకూడదు.

పైప్‌లైన్_పక్కోడు

అలా అయితే ఒప్పుకుంటా.

నీళ్ల_శాంపిల్

అందరూ 120 గ్రాములు అని లెక్క కట్టేస్తున్నారు. బెజవాడ మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టిన డ్రమ్ములో 12 శాతం ఎక్కడిది? ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే హైపో చెడే వేగం 3 రెట్లకి పైగా పెరుగుతుంది. 7 శాతానికి దిగిందనుకోండి, అదే 800 గ్రాములకి 11.4 లీటర్లు కావాలి. 0–20 పంపులో 57 శాతం, ఇంకా జాగా ఉంది. కాబట్టి డాక్టరు గారి సైజు సరైనదే. కానీ టెస్ట్ చేయకుండా నాబ్ ముట్టుకోవద్దు.

టెస్ట్ పది నిమిషాల పని. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 1 మిల్లీలీటరు హైపో పిపెట్‌తో వేయండి. గ్రాము పొటాషియం అయోడైడ్, పైన 10 మిల్లీలీటర్ల అసిటిక్ యాసిడ్. ముదురు గోధుమ రంగు వస్తుంది. 0.1 నార్మల్ థయోసల్ఫేట్ బ్యూరెట్‌లోంచి వదలండి. లేత పసుపుకి వచ్చాక స్టార్చ్ చుక్కలేస్తే నీలం అవుతుంది, ఆ నీలం పోగానే ఆపండి. అయిన మిల్లీలీటర్లని 3.55తో గుణిస్తే లీటరుకి ఎన్ని గ్రాముల క్లోరిన్ ఉందో వస్తుంది. సరుకు తాజాది అయితే 34 దగ్గర ఆగాలి. 20 దగ్గరే ఆగిపోయిందంటే మీ డ్రమ్ములో ఉన్నది 7 శాతం. డ్రమ్ము దిగిన రోజే చేయండి, సగం డబ్బు అక్కడే మిగులుతుంది.

ఆటోనగర్_లేత్

ఇక్కడి ఎండకి మనుషుల్లోనే క్లోరిన్ ఎగిరిపోతుంది, హైపో ఎంత.

బెజవాడ_బ్లోడౌన్

నీళ్లు కలిపి పలచన చేస్తే నిలవ ఎక్కువ ఆగుతుంది. సగానికి పలచన చేస్తే చెడే వేగం ఐదో వంతుకి పడుతుంది. బుడగలూ తగ్గుతాయి. 6 శాతానికి కలిపి పెట్టుకుని గంటకి 13, 14 లీటర్లు పంపొచ్చు కదా?

గుంటూరు_కోల్డ్‌స్టోరేజీ

బోరు నీళ్లతో మాత్రం కలపకండి! హైపో పీహెచ్ 11 పైనే. కఠిన జలం తగలగానే సున్నం విరిగి కూర్చుంటుంది. మా వైపు కోల్డ్ స్టోరేజీ కండెన్సర్ లైన్లకి చిన్న డోసింగ్ పంపులుంటాయి. వాటిలో సగం రిపేర్లు ఇవే. సక్షన్ స్ట్రెయినర్ నిండా తెల్లటి ముద్ద, బాల్ సీటు మీద సున్నం, ఫుట్ వాల్వు పట్టేయడం. సాఫ్ట్‌నర్ నీళ్లో ఆర్‌ఓ నీళ్లో ఉంటేనే కలపండి, లేకపోతే వద్దు.

కలపకపోయినా క్విల్ మూతి దగ్గర అదే గొడవ. హైపో, గట్టి నీళ్లు కలిసేది సరిగ్గా ఆ మూతిలోనే కాబట్టి అక్కడ సున్నం ఉంగరంలా కడుతుంది. 6 మిల్లీమీటర్ల బెజ్జం నెలలో 2 అవుతుంది, పంపు ప్రెషర్ మెల్లగా పెరుగుతుంది. డిశ్చార్జిలో ప్రెషర్ గేజ్ ఉంటే ఇది ముందే కనబడుతుంది.

కొండపల్లి_బిషిఫ్ట్

గేజ్ లేదు. క్విల్ పెట్టడం ఖాయం. ఏ మెటీరియల్? ఇక్కడ ఎస్‌ఎస్ 316 రాడ్ స్టాకులో ఉంది. ఆటోనగర్‌లో తిప్పించేస్తే అయిపోదా?

ఆటోనగర్_లేత్

తిప్పడం అరగంట. కానీ హైపోకి 316 ఇస్తే డబ్బులు తీసుకుని మిమ్మల్ని మోసం చేసినట్టే. పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల సూది గుచ్చినట్టు గుంటలు పడి మూతి రాలిపోతుంది. టెఫ్లాన్ రాడ్ తెస్తే బ్రహ్మాండంగా తిప్పుతా, యాసిడ్‌కీ హైపోకీ రెండిటికీ అది చాలు కదా?

పైప్‌లైన్_పక్కోడు

రసాయనానికి చాలు, ప్రవాహానికి చాలదు. క్విల్ పొడవు ముందు తేల్చండి. 1 అంగుళం ఫ్లాంజ్ ముఖం నుంచి పైపు పై గోడకి 150 మిల్లీమీటర్లు, గోడ మందం 9.3, లోపలికి 110. మొత్తం 270. వ్యాసం 20. ఒక పక్కే పట్టు ఉన్న కర్ర అది. దాని వెనక నీటి సుడులు ఎడాపెడా ఊడుతూ దాన్ని ఊపుతాయి. ఊపు ఎంతంటే 0.2 ఇంటూ వేగం, బై వ్యాసం. 0.2 × 2.2 / 0.02 = సెకనుకి 22 సార్లు. 270 పొడవున్న టెఫ్లాన్ రాడ్ సహజంగా ఊగేది కూడా సుమారు 20 దగ్గరే. రెండూ కలిశాయంటే వారాల్లో మెడ దగ్గర విరుగుతుంది, విరిగిన ముక్క వెళ్లి హీట్ ఎక్స్ఛేంజర్ ట్యూబుకి అడ్డం పడుతుంది. హాస్టెల్లాయ్ సి276 అదే సైజులో 170 పైన ఊగుతుంది, బెంగ లేదు. థర్మోవెల్స్‌కి వాడే ఏఎస్ఎంఈ పీటీసీ 19.3 టీడబ్ల్యూలో ఊపు, సహజ ఊగు నిష్పత్తి 0.8 దాటొద్దంటారు. క్విల్‌కీ అదే లెక్క వాడతారు.

డయాఫ్రమ్_డాక్టర్

యాసిడ్‌కి హాస్టెల్లాయ్ సి276. హైపోకి టైటానియం. పొరపాటున అటుదిటు చేయకండి, టైటానియం హైపోలో నిక్షేపంలా ఉంటుంది, పలచటి సల్ఫ్యూరిక్‌లో కరుగుతుంది. రెండూ ఒకే సైజు, ఒకే రంగు కాబట్టి స్టోర్స్‌లో కలిసిపోతాయి. ఫ్లాంజ్ అంచు మీద అక్షరాలు పంచ్ కొట్టించండి. ఖర్చు ఎక్కువనుకుంటే లోపల ఎంఎస్ కర్ర, పైన టెఫ్లాన్ లైనింగ్ ఉన్నవీ దొరుకుతాయి. లైనింగ్ ఫ్లాంజ్ ముఖం దాకా మడిచి ఉండాలి.

ఆటోనగర్_లేత్

పంచ్ ఫ్రీగా కొడతా.

తాడేపల్లి_టెక్నీషియన్

మూతి 45 డిగ్రీలు కోస్తారు కదా, ఆ కోత నీళ్లు వచ్చే దిక్కుకా, పోయే దిక్కుకా?

బెజవాడ_బ్లోడౌన్

నీళ్లు పోయే దిక్కుకి. కర్ర వెనక ప్రెషర్ తక్కువ, సుడి ఉంటుంది. రసాయనాన్ని లాక్కుని చెదరగొడుతుంది. ఎదురు పెడితే చెత్త, సున్నం మూతిలోకి దూరతాయి. ఎదురు పెట్టేది శాంపిల్ ప్రోబ్‌కి.

పైప్‌లైన్_పక్కోడు

ఎదురు పెట్టి ఇచ్చే తయారీదారులూ ఉన్నారు, మూతి మీద కొట్టే నీళ్లకి బాగా కలుస్తుందని వాళ్ల వాదన. డ్రాయింగ్‌లో ఏముందో అదే పాటించండి. అన్నిటికంటే ముఖ్యం, ఫ్లాంజ్ బయట బాణం గుర్తు ఉండాలి. ఒకసారి బిగించాక లోపల ఎటు తిరిగిందో ఎవరికీ కనబడదు. ఒక్క బోల్టు రంధ్రం తప్పి బిగిస్తే కోత గోడ వైపు తిరిగి మళ్లీ పాత కథే.

తాడేపల్లి_టెక్నీషియన్

పోయే దిక్కే అన్నమాట. లోపలికి 110 ఎందుకు, సగానికి 127 కదా?

పైప్‌లైన్_పక్కోడు

మధ్య మూడో వంతులో ఎక్కడున్నా చాలు, అంటే 85 నుంచి 170 లోపు. సగానికి మించి పోతే కర్ర పొడవు పెరిగి ఊపు పెరుగుతుంది, లాభం ఏమీ ఉండదు.

బెజవాడ_బ్లోడౌన్

అసలు ప్రశ్న ఎవరూ అడగట్లేదు. యాసిడ్‌ని సర్క్యులేషన్ హెడర్‌లో ఎందుకు కొట్టాలి? తగ్గించాల్సింది మేకప్ నీళ్ల ఆల్కలినిటీ. బేసిన్‌లో మేకప్ పడే చోట డైల్యూషన్ తొట్టి పెట్టి, పారే నీళ్లలో యాసిడ్ వదిలితే పైపే లేదు, తూటూ లేదు. సీపీవీసీ తొట్టి, అందులోకి టెఫ్లాన్ ట్యూబ్, అంతే.

డయాఫ్రమ్_డాక్టర్

తొట్టి మంచిదే, ఒక షరతు మీద. మేకప్ ఫ్లోట్ వాల్వు మూసుకుని నీళ్లు ఆగినా పంపు నడుస్తూ ఉంటే 98 శాతం యాసిడ్ తొట్టిలోంచి నేరుగా బేసిన్ కాంక్రీట్ మీద పడుతుంది. అందుకని మేకప్ లైన్లో ఫ్లో స్విచ్ పెట్టి, నీళ్లు పారితేనే యాసిడ్ పంపుకి కరెంటు వెళ్లేలా కట్టాలి. మోటారు కాంటాక్టర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. మోటారు తిరుగుతూ వాల్వు మూసి ఉన్నా కాంటాక్టర్ సరే అనే చెబుతుంది.

బెజవాడ_బ్లోడౌన్

ఒప్పుకున్నా. స్విచ్‌తో పాటే తొట్టి.

నీళ్ల_శాంపిల్

హెడర్‌లోనే ఉంచుతామంటే యాసిడ్, హైపో పాయింట్ల మధ్య 600 మిల్లీమీటర్లు ఏంటండీ! లైన్ ఆగినప్పుడు రెండూ దిగి కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాస్. హైపో పాయింటుని టవర్ రిటర్న్ వైపో, బేసిన్‌కో పంపేయండి. ట్యాంకులూ అంతే. ఒకే డైక్‌లో (కారితే ఆపే గట్టు లోపల) రెండూ పెట్టొద్దు, మధ్యన గోడ ఉండాలి. డ్రమ్ము దింపే కప్లింగులు వేర్వేరు సైజులు పెట్టండి, అప్పుడు రాత్రి షిఫ్టులో నిద్రమత్తు మనిషి కూడా తప్పు డ్రమ్ము తగిలించలేడు. క్విల్ సున్నం తీయడానికి పలచటి హెచ్‌సీఎల్‌లో నానబెడతారు కదా, దానికి ముందు క్విల్‌ని నీళ్లతో బాగా కడగాలి. హైపో తడి మీద యాసిడ్ పోస్తే బకెట్ దగ్గరే పచ్చటి పొగ లేస్తుంది.

గుంటూరు_కోల్డ్‌స్టోరేజీ

మిరపకాయల ఊరు వాళ్లం, ఘాటు మాకు అలవాటే అనుకునే వాళ్లకి ఆ పొగ ఒక్కసారి చాలు.

కొండపల్లి_బిషిఫ్ట్

హైపో పాయింటు మార్చేస్తాం. లైన్ నడుస్తుండగానే సున్నం తీయాలంటే బయటికి లాగే క్విల్ ఉంటుందటగా, అది పెట్టొచ్చా?

తాడేపల్లి_టెక్నీషియన్

పెట్టొచ్చు. గొలుసు లేకుండా మాత్రం వద్దు. గ్లాండ్ నట్ వదులు చేయగానే లోపలి ప్రెషర్ రాడ్‌ని బయటికి తోస్తుంది. 20 మిల్లీమీటర్ల రాడ్‌కి 3.14 చదరపు సెంటీమీటర్లు, 3.5 కేజీల ప్రెషర్‌కి 11 కిలోల తోపు. చేత్తో పట్టుకోగలిగినదే. అదే రాడ్ 40 కేజీల లైన్లో అయితే 126 కిలోలు, మొహానికి ఎదురుగా నిలబడ్డవాడి పని అంతే. వరస ఇది. పంపు ఆపు, క్విల్ దగ్గరి ఐసొలేషన్ మూసెయ్, నీళ్లతో ఫ్లష్ చెయ్, గొలుసు బిగువు చూడు, గ్లాండ్ పావు చుట్టు వదులు చెయ్. రాడ్ మీద గీత కనబడేదాకా పక్కన నిలబడి లాగు, అప్పుడు బాల్ వాల్వు మూసెయ్, ఆ తర్వాతే పూర్తిగా బయటికి. గీత లేకపోతే రాడ్ చివర ఇంకా లోపలుండగానే వాల్వు మూసి మూతి నలిపేస్తారు.

డయాఫ్రమ్_డాక్టర్

హైపో లైన్లో బాల్ వాల్వు అన్నారు కాబట్టి ఒక మాట. మామూలు బాల్ వాల్వు మూసినప్పుడు బాల్ లోపల కాస్త హైపో చిక్కుకుంటుంది. ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, పోయే దారి ఉండదు. ఎండలో వాల్వు పగిలిపోతుంది. బాల్‌కి 3 మిల్లీమీటర్ల వెంట్ బెజ్జం ఉన్న హైపో వాల్వులే కొనండి, బెజ్జం మూసినప్పుడు ప్రెషర్ వచ్చే వైపుకి ఉండాలి.

ఆటోనగర్_లేత్

ఆ బెజ్జం డ్రిల్ కొట్టడానికి నా దగ్గరికి తెస్తారు. ఎటువైపు కొట్టాలో చెప్పరు. ఇప్పుడు తెలిసింది.

పైప్‌లైన్_పక్కోడు

పనిలో పని, పైపు మందం కొలిపించండి. ఎపిఐ 570లో (పైపుల తనిఖీ కోడ్) ఇంజెక్షన్ పాయింటుకి ప్రత్యేక సర్క్యూట్, అంటే కొలవాల్సిన భాగం, గీస్తారు. పాయింటుకి ముందు 300 మిల్లీమీటర్లు లేదా 3 వ్యాసాలు, ఏది ఎక్కువైతే అది. మీకు 3 వ్యాసాలు 760 దాకా వస్తుంది. నీళ్లు పోయే దిక్కున రెండో మలుపు దాకా, లేదా మొదటి మలుపు దాటి 7.6 మీటర్ల దాకా, ఏది తక్కువైతే అది. రిఫైనరీ పైపుల కోసం రాసిందే అయినా యాసిడ్ నీళ్లకి అరువు తెచ్చుకోవడంలో తప్పు లేదు. గడియారంలో ఆరు గంటల స్థానంలో దగ్గర దగ్గరగా కొలవండి, మొదటి బెండు బయటి వంపు కూడా. షెడ్యూల్ 40కి కొత్తలో 9.27 ఉంటుంది. తూటు పక్కన 4, 5 చూపిస్తే ప్యాచ్ వేయొద్దు, మీటరున్నర స్పూల్ (పైపు ముక్క) మార్చండి. యాసిడ్ హెడర్‌లోనే ఉంటే ఆ స్పూల్ లైనింగ్‌ది వేయండి.

రాత్రిషిఫ్టు_రవ్వదోశె

అక్కడ కొండపల్లి పక్కన పెట్రోలు టెర్మినళ్లున్నాయి కదా, ప్రోడక్ట్ లైన్లలో డ్రాగ్ రెడ్యూసర్ (పైపులో రాపిడి తగ్గించే మందు) కొడతారు. దానికీ ఇదే క్విలా?

పైప్‌లైన్_పక్కోడు

అది వేరే జాతి. అది పొడుగాటి పాలిమర్ గొలుసు, తెగితే పని చేయదు. సెంట్రిఫ్యూగల్ పంపులోంచి పోతే గొలుసు తెగిపోతుంది కాబట్టి మెయిన్ పంపు దాటాకే కొట్టాలి. సన్న మూతి క్విల్, స్టాటిక్ మిక్సర్ లాంటివి పెట్టరు. ఇక్కడ కలపడం కోసం తంటాలు పడుతున్నాం, అక్కడ కలపకుండా జాగ్రత్త.

రాత్రిషిఫ్టు_రవ్వదోశె

దోశె పిండి గిలక్కొట్టాలి, ఇడ్లీ పిండి గిలక్కొట్టకూడదు అన్నట్టు. అర్థమైంది.

కొండపల్లి_బిషిఫ్ట్

ఇప్పుడు స్కిడ్ (పంపులు బిగించే ఫ్రేము) స్పెసిఫికేషన్ రాస్తున్నా, తప్పులుంటే చెప్పండి. హైపో పంపు 0–20, యాసిడ్ పంపు 0–2 లీటర్లు, రెండూ 10 కేజీల రేటింగ్. యాసిడ్‌కి ప్లంజర్ పంపు చవగ్గా ఇస్తామంటున్నారు.

డయాఫ్రమ్_డాక్టర్

ప్లంజర్‌కి గ్లాండ్ ఉంటుంది, గ్లాండ్ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. ఫాస్ఫేట్‌ని బాయిలర్ డ్రమ్ముకి 60 కేజీల మీద కొట్టేచోట ప్లంజర్ సరే, 98 శాతం యాసిడ్‌కి వద్దు. మీ ప్రెషర్‌కి సోలినాయిడ్ గానీ మెకానికల్ డయాఫ్రమ్ గానీ చాలు. డయాఫ్రమ్ టెఫ్లాన్ ముఖంది, హెడ్ పీవీడీఎఫ్, బాల్స్ సిరామిక్. 0–2లో 0.8 అంటే 40 శాతం, బాగుంది.

ఇక పంపు చుట్టూ ఉండాల్సినవి. ట్యాంకు నుంచి పంపుకి సక్షన్ ఎప్పుడూ కిందికే దిగుతూ రావాలి, మధ్యలో గూని ఉంటే బుడగ అక్కడే కూర్చుంటుంది. సక్షన్ సైజు సగటు ఫ్లో చూసి వేయకండి. ఒకే డయాఫ్రమ్ ఉన్న పంపు స్ట్రోకు మధ్యలో సగటుకి 3.14 రెట్లు లాగుతుంది. 20 లీటర్ల పంపు ఆ క్షణంలో 63 లీటర్ల పంపు. తర్వాత స్ట్రెయినర్, క్యాలిబ్రేషన్ కాలమ్, పంపు. డిశ్చార్జిలో మొదటి వాల్వుకి ముందే రిలీఫ్ వాల్వు, 6 కేజీలకి సెట్ చేసి, దాని పైపు ట్యాంకు నెత్తికి కనబడేలా పోవాలి. సక్షన్‌లోకి కలిపేస్తే లేచిన సంగతి ఎవరికీ తెలియదు. గేజ్, బ్యాక్ ప్రెషర్ వాల్వు, చివర క్విల్‌లోనే స్ప్రింగ్ ఎన్‌ఆర్‌వీ (వెనక్కి రానివ్వని వాల్వు).

బెజవాడ_బ్లోడౌన్

లైన్ 3.5 కేజీలు ఉండగా బ్యాక్ ప్రెషర్ వాల్వు దండగ కాదూ?

డయాఫ్రమ్_డాక్టర్

నడుస్తున్నప్పుడు దండగే. లైన్ ఆగి ప్రెషర్ సున్నాకి పడ్డప్పుడు, ఎత్తు మీదున్న ట్యాంకులోంచి హైపో పంపు బాల్స్ దాటుకుని సైఫన్ అయి దిగిపోతుంది. తెల్లారి చూస్తే డే ట్యాంకు ఖాళీ. దానికోసం.

గుంటూరు_కోల్డ్‌స్టోరేజీ

క్యాలిబ్రేషన్ కాలమ్ 500 మిల్లీలీటర్లది తీసుకోండి. 20 లీటర్ల పంపు నిమిషానికి 333 లాగుతుంది, కనీసం ఒక నిమిషం చదవాలి. కాలమ్ నింపి, ట్యాంకు వాల్వు మూసి, లైన్ మామూలు ప్రెషర్‌లో ఉండగా స్టాప్‌వాచ్ నొక్కండి. గాల్లోకి వదిలి కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. 50 శాతం మీద 167 దిగాలి. 120 దిగితే బాల్ సీటులో చెత్త ఉన్నట్టు.

తాడేపల్లి_టెక్నీషియన్

హైపో పైపింగ్‌కి పీవీసీ వేయొద్దు, ఇక్కడి ఎండకి. 43 డిగ్రీల దగ్గర పీవీసీ ప్రెషర్ రేటింగ్ సగానికి పడిపోతుంది, సీపీవీసీకి 70 శాతం దాకా మిగులుతుంది. షెడ్యూల్ 80 సీపీవీసీ. అతుక్కి మామూలు సొల్యూషన్ సిమెంట్ వాడితే అందులోని సిలికాని హైపో తినేసి ఏడాదిలో ప్రతి సాకెట్‌లోంచి తెల్లటి గీతలు కారతాయి. సిలికా లేని, హైపోకని చెప్పే సిమెంట్ అడిగి తీసుకోండి. అతికాక పూర్తిగా ఆరాకే రసాయనం.

యాసిడ్‌కి మాత్రం సీపీవీసీ వద్దు. 98 శాతానికి టెఫ్లాన్ ట్యూబ్, దాని మీద గొట్టం తొడుగు. కారితే తొడుగులోంచి కింద పెట్టిన బాటిల్‌లో పడాలి, మనిషి మీద కాదు.

నీళ్ల_శాంపిల్

యాసిడ్ ట్యాంకు ఎంఎస్‌దే కదా? వెంట్‌కి సిలికా జెల్ బ్రీదర్ పెట్టండి. వానాకాలం చెమ్మ గాలి లోపలికి పోతే యాసిడ్ పైపొర పలచబడి ట్యాంకు గోడని ఆ మట్టం దగ్గర గీత గీసినట్టు తింటుంది. హైడ్రోజన్ కూడా వస్తుంది, కాబట్టి ట్యాంకు నెత్తిన వెల్డింగ్ అంటే ముందు గ్యాస్ చెక్ చేయించండి.

కొండపల్లి_బిషిఫ్ట్

రాసుకున్నా. ఇవాళ షట్‌డౌన్ దొరికింది, క్లాంపు పక్కన మందం కొలిపించా. ఆరు గంటల స్థానంలో 3.8, మూడు గంటల స్థానంలో 8.9. నెత్తిన సాకెట్ వెల్డ్ చుట్టూ 5.1. యాసిడ్ బేసిన్ తొట్టికి మార్చేస్తున్నాం, ఫ్లో స్విచ్‌తో సహా. స్పూల్ కొత్తది. హైపో 20 లీటర్ల పంపు, టైటానియం క్విల్, రిటర్న్ లైన్లో. హైపో టెస్ట్ చేస్తే థయో 21.5 దగ్గర ఆగింది.

ఒకటే మిగిలింది. రిటర్న్ లైన్ కూడా 10 అంగుళాలే, కానీ అడ్డంగా వచ్చి టవర్ ఎక్కే ముందు బెండు ఉంది. క్విల్ బెండుకి ఎంత దూరంలో?

పైప్‌లైన్_పక్కోడు

బెండుకి ముందు కనీసం 10 వ్యాసాలు, రెండున్నర మీటర్లు వదలండి. ముద్ద కలవకముందే బెండుని గుద్దకూడదు. పైపు నెత్తిన గాలి నిలుస్తుందేమో చూడండి, నిలిస్తే పక్క నుంచి, మూడు గంటల స్థానంలో దూర్చండి. అడుగు నుంచి మాత్రం వద్దు, బురద దిగి మూతి పూడుతుంది.

నీళ్ల_శాంపిల్

21.5 ఇంటూ 3.55 అంటే 76 గ్రాములు. నాబ్ 6.7కి కాదు, 10.5 లీటర్లకి పెట్టండి. కొత్త డ్రమ్ము వచ్చిన రోజు మళ్లీ దింపండి.

ఆటోనగర్_లేత్

టైటానియం రాడ్ తెచ్చాక ఫోన్ కొట్టండి. స్పీడు తగ్గించి, కూలెంట్ దండిగా పోసి తిప్పాలి, ఆ సన్న పొట్టుకి నిప్పు అంటుకుంటుంది. బాణం ఎటు కొట్టాలో కాగితం మీద గీసి తెండి.